ఐపీస్‌లో బాగుంది, కెమెరా పెడితే ఫోకస్ రావడం లేదు: 80 మి.మీ. రిఫ్రాక్టర్, కెనాన్ డీఎస్ఎల్ఆర్

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

అందరికీ నమస్కారమండి. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నా దగ్గర ముందు లెన్స్ 80 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ కుదిరే చోటికి దూరం) 400 మి.మీ. ఉన్న రిఫ్రాక్టర్ (లెన్స్‌తో పనిచేసే టెలిస్కోపు) ఉంది. ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. చంద్రుడి మీద గుంటలు, గురు గ్రహం పక్కన నాలుగు చుక్కలు, ఓరియన్ నెబ్యులా, అన్నీ. ఫొటోలు తీద్దామని కెనాన్ 24 మెగాపిక్సెల్ కెమెరాకి టీ రింగ్ (లెన్స్ బదులు తగిలించే రింగు), 1.25 అంగుళాల నోస్ పీస్ (దాన్ని టెలిస్కోపులో దూర్చే గొట్టం) కొన్నాను. డయాగొనల్ (వెలుగుని పక్కకి మళ్ళించే అద్దం ముక్క) తీసేసి కెమెరాని నేరుగా ఫోకసర్‌లో (నాబ్ తిప్పి ఫోకస్ చేసే భాగం) పెట్టాను.

నాబ్ మొత్తం లోపలికి తిప్పాను, మొత్తం బయటికి తిప్పాను. ఎక్కడా చుక్క చుక్కలా రావడం లేదు. తెల్లటి గుండ్రటి మచ్చ ఒకటి కనిపిస్తోందంతే. అమ్మిన షాపువాళ్ళకి ఫోన్ చేస్తే "మీ కెమెరా దీనికి పనికిరాదు, పెద్ద మోడల్ తీసుకోండి" అన్నారు. ఇంట్లో ఇప్పటికే ఖర్చు గురించి అడుగుతున్నారు. నిజంగా ఇది కెమెరాకి పనికిరాని టెలిస్కోపేనా? కాస్త టెన్షన్‌గా ఉందండి, దారి చెప్పండి.

షట్టర్ | రావులపాలెం

తమ్ముడూ, నేను పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవాణ్ణి, టెలిస్కోపు అనుభవం తక్కువే. కెమెరా వైపు నుంచి చెప్పగలిగింది చెబుతాను. మోడ్ డయల్ ఎం మీద ఉండాలి. స్క్రీన్ మీద ఎఫ్ 00 అని చూపిస్తే కంగారు పడకు, లెన్స్ తగిలించినట్టు కెమెరాకి తెలియదు కాబట్టి అలాగే చూపిస్తుంది. కంటితో చూసే రంధ్రంలోంచి ఫోకస్ చేయకు, లైవ్ వ్యూ పెట్టి 10 రెట్లు జూమ్ చెయ్యి. ఐఎస్ఓ 3200, షట్టర్ స్పీడు బాగా నెమ్మది పెడితే లైవ్ వ్యూలో కూడా చుక్కలు కాస్త వెలుగుతాయి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా మచ్చే వస్తుంటే కెమెరా తప్పు కాదు.

లంక మాస్టారు | ముమ్మిడివరం

బాబూ, షాపువాళ్ళ మాట పక్కన పెట్టు. నీ టెలిస్కోపూ మంచిదే, కెమెరా కూడా మంచిదే. నీ సమస్య వాటి మధ్య దూరం. దూరమంటే స్కేలుతో కొలిచేది. కాబట్టి కొత్తగా ఏదీ కొనకముందు నాకు రెండు సంగతులు చెప్పు.

నాబ్ ఎటు తిప్పుతుంటే మచ్చ చిన్నదవుతోంది, లోపలికా బయటికా? ఆ చివరిదాకా తిప్పి ఒక మంచి వెలుగున్న నక్షత్రాన్ని ఫొటో తియ్యి. ఇప్పుడైతే సిరియస్ ఉంది, మనవాళ్ళు మృగవ్యాధుడు అంటారు. ఆ ఫొటోని కంప్యూటర్లో తెరిచి మచ్చ వెడల్పు ఎన్ని పిక్సెల్స్ ఉందో చూడు.

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

మాస్టారూ, బయటికి తిప్పుతుంటే చిన్నదవుతోందండి. డ్రా ట్యూబు (నాబ్ తిప్పితే జరిగే గొట్టం) పూర్తిగా బయటికి వచ్చి ఆగిపోయేసరికి కూడా మచ్చ ఉంది. సిరియస్ తీశాను. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి 380 పిక్సెల్స్, కాస్త అటూ ఇటూ.

లంక మాస్టారు | ముమ్మిడివరం

బాగుంది. జవాబు ఆ ఒక్క ఫొటోలోనే ఉంది.

నీ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ., అడ్డంగా 6000 పిక్సెల్స్. అంటే ఒక్కో పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు. 380 పిక్సెల్స్ అంటే సుమారు 1.4 మి.మీ. ముందు లెన్స్ నుంచి వచ్చే వెలుగు శంకువులా సన్నబడుతూ 400 మి.మీ. దూరంలో ఒక బిందువు అవుతుంది. ఆ శంకువు అడుగు 80 మి.మీ., పొడుగు 400. అంటే పొడుగు వెడల్పుకి ఐదు రెట్లు. అందుకే దీన్ని ఎఫ్/5 అంటారు. సెన్సర్ మీద మచ్చ 1.4 మి.మీ. ఉందంటే, శంకువు కొన ఇంకా 1.4 × 5 = 7 మి.మీ. దూరంలో ఉందన్నమాట.

మచ్చ బయటికి తిప్పితే చిన్నదవుతోందన్నావు కాబట్టి ఆ 7 మి.మీ. వెనక వైపే. నీ కెమెరా ఇంకో 7 మి.మీ. వెనక్కి జరగాలి, డ్రా ట్యూబుకి అంత పొడుగు లేదు. ఇంతే జబ్బు. లోపలికి తిప్పితే చిన్నదయ్యేది అయితే మందు వేరేలా ఉండేది, దర్పణం ఉన్న న్యూటోనియన్ వాళ్ళకి ఎక్కువగా ఆ బాధ. రిఫ్రాక్టర్‌కి దాదాపు ఎప్పుడూ నీలాంటిదే.

చెరువుగట్టు | భీమవరం దగ్గర

మాస్టారు చెప్పిన లెక్క సరిపోయిందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు. నోస్ పీస్ గొట్టాన్ని ఫోకసర్‌లో చివరిదాకా దూర్చకుండా ఒక సెంటీమీటరు బయటికి లాగి ఉంచి స్క్రూలు బిగించండి. డ్రా ట్యూబు అలాగే పూర్తిగా బయట. సిరియస్ చుక్కగా వచ్చేయాలి. పైసా ఖర్చు లేదు.

వెన్నెల | రాజమహేంద్రవరం

చెరువుగట్టు గారు చెప్పింది పరీక్షకి మాత్రమే పెట్టుకో తమ్ముడూ, ఫొటోలు అలా తీయకు. కెమెరా అర కేజీ దగ్గర ఉంటుంది. సగం గొట్టం మీద వేలాడితే కిందికి వంగుతుంది. ఫ్రేములో పై చుక్కలు ఫోకస్‌లో ఉంటే కింది చుక్కలు తోకలు పెడతాయి. పైగా స్క్రూ జారితే కెమెరా నేల మీద పడుతుంది. మెడ పట్టీ ట్రైపాడ్‌కి కట్టి ఉంచు, ఈ పరీక్షకే కాదు, ఎప్పుడూ.

ఇంకో పద్ధతి నాకు బాగా ఇష్టం, కెమెరా అక్కర్లేదు. ఫోకసర్‌లో ఏమీ పెట్టకు. డ్రా ట్యూబు పూర్తిగా లోపలికి తిప్పు. టెలిస్కోపుని చంద్రుడి వైపు తిప్పి, వెనక ఒక ట్రేసింగ్ పేపర్ ముక్క పట్టుకుని మెల్లగా వెనక్కి జరుపు. ఒకచోట కాగితం మీద చిన్న చంద్రుడు అంచులు తేలి కనిపిస్తాడు. 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కి ఆ బొమ్మ 3.6 మి.మీ. ఉంటుంది, పెసరగింజంత. గొట్టం చివర నుంచి కాగితం దాకా స్కేలుతో కొలువు. నీ టెలిస్కోపు గురించి తెలియాల్సిన అంకె అదే, పెట్టె మీద ఎవరూ అచ్చు వేయరు.

కెమెరా వైపు అంకె కూడా కావాలి. బాడీ పైన చిన్న సున్నా, దాని మధ్యలోంచి అడ్డగీత ఉన్న గుర్తు ఉంటుంది. సెన్సర్ సరిగ్గా అక్కడ ఉందని దాని అర్థం. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో మౌంటు ముఖం నుంచి సెన్సర్‌కి 44 మి.మీ., టీ రింగ్ 11, మొత్తం 55. నికాన్ డీఎస్ఎల్ఆర్ అయితే 46.5, దాని రింగ్ 8.5, మళ్ళీ 55. ఏ కంపెనీ కెమెరా అయినా టీ రింగ్ ముఖం నుంచి 55 వచ్చేలా చేస్తారు. నోస్ పీస్ అంచు మందం ఎంతో కొలిచి దానికి కలుపుకో.

షట్టర్ | రావులపాలెం

ఇంత లెక్క ఎందుకండి, పెట్టెలో బార్లో లెన్స్ (బొమ్మని పెద్దది చేసేది) వచ్చి ఉంటుంది కదా. అది పెట్టి దాని వెనక కెమెరా పెడితే ఫోకస్ వచ్చేస్తుంది. మా కజిన్ అలాగే చంద్రుణ్ణి తీశాడు, చాలా బాగుంది.

వెన్నెల | రాజమహేంద్రవరం

వస్తుంది అన్నయ్యా, కాదనను. బార్లో శంకువు కొనని వెనక్కి నెడుతుంది కాబట్టి ఫోకస్ అందుతుంది. చంద్రుడికి బాగానే ఉంటుంది. కానీ 2 రెట్ల బార్లోతో ఎఫ్/5 కాస్తా ఎఫ్/10 అవుతుంది. అదే వెలుగు నాలుగు రెట్ల వైశాల్యంలో పరుచుకుంటుంది, నెబ్యులా వెలిసిపోతుంది. 400 మి.మీ.లో ఓరియన్ కత్తి మొత్తం ఒక ఫ్రేములో హాయిగా పట్టేది, 800లో ఇరుకవుతుంది. ట్రాకింగ్ (ఆకాశంతో పాటు తిరగడం) లేని స్టాండు మీద చుక్కల పరుగు కూడా రెట్టింపు కనిపిస్తుంది.

బార్లో గొట్టాన్ని మాత్రం వదలక్కర్లేదు. చాలావాటిలో లెన్స్ ఉన్న కింది ముక్క మరతో ఊడి వస్తుంది. లెన్స్ విప్పి మెత్తటి కాగితంలో చుట్టి దాచెయ్యి. మిగిలిన ఖాళీ గొట్టం మంచి ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాని వెనక్కి జరిపే గొట్టం).

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

వెన్నెల అక్కా, చంద్రుడు కాగితం మీద కనిపించగానే ఇంట్లో అందరూ డాబా మీదకి వచ్చేశారు. మా నాన్నగారు కూడా కాగితం పట్టుకుని చూశారు.

కొలతలు ఇవి. డ్రా ట్యూబు పూర్తిగా లోపల ఉండగా దాని చివర నుంచి కాగితానికి 140 మి.మీ. డ్రా ట్యూబు బయటికి వచ్చేది మొత్తం 75. కెమెరా వైపు 55, నోస్ పీస్ అంచు 3, కలిపి 58. ఐపీస్‌తో చూసేటప్పుడు డ్రా ట్యూబు 65 దగ్గర ఉంటోంది.

140లోంచి 58 తీసేస్తే 82. డ్రా ట్యూబు 82 రావాలి, 75 వరకే వస్తోంది. మాస్టారూ, సరిగ్గా 7! ఫొటోలో మచ్చ చూసి మీరు చెప్పిందే.

లంక మాస్టారు | ముమ్మిడివరం

చాలా సంతోషం బాబూ. ఐపీస్‌కి ఎందుకు వచ్చింది, కెమెరాకి ఎందుకు రాలేదు అన్నది కూడా నీ అంకెల్లోనే ఉంది. డయాగొనల్ లోపల వెలుగు సుమారు 75 మి.మీ. నడుస్తుంది. 65 కలిపితే 140. ఈ టెలిస్కోపు చేసినవాళ్ళు డయాగొనల్ ఎప్పుడూ ఉంటుందని లెక్క వేసుకుని గొట్టం కోశారు. నువ్వు 75 తీసేసి 58 పెట్టావు. ఆ 17 తేడాని డ్రా ట్యూబు భర్తీ చేయాలి, దానికి మిగిలింది 10.

ఇప్పుడు 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్ పెడితే డ్రా ట్యూబు 32 దగ్గర ఆగుతుంది. అలా మధ్యలో ఉండటమే మంచిది. డ్రా ట్యూబు ఎంత తక్కువ బయటికి వస్తే అంత గట్టిగా ఉంటుంది, కెమెరా బరువుకి ఊగదు. కనీసం 7 చాలు కదా అని 10 మి.మీ. రింగు కొనకు.

కొబ్బరిచెట్టు మీద పగలు ఫోకస్ చేసి చూసుకోవచ్చా అని ఎవరైనా అడుగుతారు, ముందే చెబుతాను. చూసుకోవచ్చు, కానీ దగ్గర వస్తువుకి ఫోకస్ ఇంకా వెనక పడుతుంది. నీ గొట్టానికి 100 మీటర్ల దూరంలోని చెట్టుకి 1.6 మి.మీ. తేడా, కిలోమీటరు దూరంలోని సెల్ టవర్‌కి 0.16. కాబట్టి టవరే పెట్టుకో. ఎక్స్‌టెన్షన్ సరిపోతుందో లేదో పగలే తెలిసిపోతుంది, రాత్రి చీకట్లో వెతుకులాట తగ్గుతుంది. సూర్యుడి దరిదాపుల్లోకి మాత్రం టెలిస్కోపు తిప్పవద్దు. ముందు లెన్స్‌కి సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడు ఒక్క క్షణం పడినా కన్ను పోతుంది, సెన్సర్ కాలిపోతుంది. పిల్లలు చుట్టూ ఉంటే మూత తియ్యకు.

వసిష్ఠ తీరం | నరసాపురం

ఎక్స్‌టెన్షన్ కొనేవాళ్ళకి ఒక మాట. టీ రింగ్ మర 42 మి.మీ., పిచ్ (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం) 0.75. పాత స్క్రూ మౌంటు లెన్సులది కూడా 42 మి.మీ.యే, కానీ పిచ్ 1. ఆన్‌లైన్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, ఫొటోల్లో తేడా తెలియదు. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతే బలం పెట్టకుండా వెనక్కి తిప్పేయండి, పిచ్ తప్పు వచ్చిందని అర్థం. నాకు ఒక ఆన్‌లైన్ షాపు రెండుసార్లు అదే తప్పు ముక్క పంపింది. ఆర్డర్ పెట్టేముందు పిచ్ రాసి ఉందో లేదో చూసుకోండి.

మన జిల్లాల్లో ఈ ముక్కలు దొరికే షాపు నాకు కనిపించలేదు. లేతు మెషిన్ ఉన్న వర్క్‌షాపులో అల్యూమినియంతో చేయిస్తే బ్రహ్మాండంగా వస్తుంది. లోపల మాత్రం నల్లటి మాట్ పెయింట్ వేయండి, లేకపోతే వెలుగు గోడలకి తగిలి ఫొటో పాలిపోతుంది.

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

వచ్చేసిందండి!!

ప్రస్తుతానికి బార్లో గొట్టమే వాడాను. లెన్స్ ముక్క సులువుగానే ఊడింది. ఖాళీ గొట్టం కలిపేది 62 మి.మీ., డ్రా ట్యూబు 20 దగ్గర ఆగింది. పగలు సెల్ టవర్ మీద చూసుకున్నాను, యాంటెన్నా బోల్టులు కూడా కనిపించాయి. రాత్రి కృత్తికలు తీశాను. చుక్కలు చుక్కల్లా ఉన్నాయి. చాలా థాంక్సండి అందరికీ.

ఇప్పుడు ఇంకో సందేహం. 10 రెట్లు జూమ్ చేసి ఎంత జాగ్రత్తగా తిప్పినా, కంప్యూటర్లో చూస్తే చుక్కలు కొంచెం లావుగా ఉన్నాయి. చుట్టూ ఊదారంగు కూడా ఉంది. ఇది ఫోకస్ తప్పా, లెన్స్ తప్పా?

వెన్నెల | రాజమహేంద్రవరం

రెండూ కొంత కొంత ఉండొచ్చు. ముందు ఫోకస్ సంగతి చూద్దాం. ఎఫ్/5లో తేడా తెలియకుండా సర్దుకునే చోటు మొత్తం సుమారు 0.07 మి.మీ. మాత్రమే. నీ నాబ్ ఒక చుట్టుకి డ్రా ట్యూబుని 20 మి.మీ. జరుపుతుందనుకో, 0.07 అంటే డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ తిప్పడం. వేళ్ళతో అంత సన్నగా తిప్పడం కష్టం. నాబ్‌కి బట్టల క్లిప్పు ఒకటి పెట్టు. దాని కొస పట్టుకుని కదిపితే చెయ్యి చాలా దూరం కదిలినా నాబ్ కొంచెమే తిరుగుతుంది. ఎఫ్/10 టెలిస్కోపు వాళ్ళకి ఈ చోటు నాలుగు రెట్లు, వాళ్ళు ఇంత కష్టపడక్కర్లేదు.

సరిగ్గా వచ్చిందో లేదో కంటికి వదలకుండా బహ్తినోవ్ మాస్క్ వాడు. రష్యాకి చెందిన పావెల్ బహ్తినోవ్ అనే ఔత్సాహికుడు 2005లో కనిపెట్టాడు. ముందు లెన్స్ మీద మూత లాగా పెట్టే పలక, దానిలో మూడు దిక్కులకి సన్నటి చీలికలు. వెలుగున్న నక్షత్రాన్ని చూస్తే ఇంటూ గుర్తులా రెండు గీతలు, మధ్యలో ఒక నిలువు గీత కనిపిస్తాయి. నాబ్ తిప్పుతుంటే ఆ మధ్య గీత ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతుంది. ఇంటూ గుర్తుకి సరిగ్గా నడుమకి రాగానే ఆపేసి, మాస్క్ తీసేసి ఫొటో తీసుకో. మాస్క్ తీయడం మరిచిపోతే ప్రతి చుక్కకీ గీతలొస్తాయి.

నీ 400 మి.మీ.కి ఒక చీలిక, ఒక పట్టీ కలిపి సుమారు 2.7 మి.మీ. ఉంటే బాగుంటుంది. చీలిక 1.3 అన్నమాట. కత్తితో కోయడం చాలా కష్టం, లేజర్ కటింగ్ చేసే చోట ఇవ్వు.

చెరువుగట్టు | భీమవరం దగ్గర

మాస్క్ వచ్చేలోపు అట్టముక్క చాలు. ముందు లెన్స్‌కి సరిపడా అట్ట కోసి, ఎదురెదురుగా రెండు గుండ్రటి రంధ్రాలు పెట్టండి, ఒక్కోటి 20 మి.మీ. దాకా. ఫోకస్ తప్పితే ఒక నక్షత్రం రెండుగా కనిపిస్తుంది, ఫోకస్ కుదిరితే రెండూ ఒకటైపోతాయి. దీన్ని హార్ట్‌మన్ మాస్క్ అంటారు. మా చెరువుల దగ్గర లైట్ల వెలుతురులో కూడా సిరియస్ మీద, రోహిణి మీద బాగా పనిచేస్తోంది.

ఇంకోటి, ఫోకస్ కుదిరాక లాక్ స్క్రూ బిగిస్తాం కదా, బిగించేటప్పుడే కొన్ని ఫోకసర్లు కొద్దిగా కదులుతాయి. బిగించాక మళ్ళీ ఒక ఫొటో తీసి చూసుకోండి. టెలిస్కోపు పైకి చూస్తున్నప్పుడు చివరి తిప్పుడు ఎప్పుడూ కెమెరాని పైకి ఎత్తే వైపు ఉండాలి. కిందికి దించుతూ ఆపితే బరువుకి పళ్ళ మధ్య ఉన్న సందు కాస్తా జారుతుంది.

లంక మాస్టారు | ముమ్మిడివరం

ఊదారంగు గురించి. నీది రెండు గాజుల అక్రోమాట్. ఎరుపు, పచ్చ, నీలం వెలుగులు ఒకే చోట బిందువు కావు. పచ్చ చుక్కగా ఉన్నచోట ఊదా ఇంకా పరుచుకునే ఉంటుంది, అదే ఆ వలయం. ఎఫ్/5 లాంటి పొట్టి గొట్టాల్లో ఎక్కువ. ఈ ఊదాని తగ్గించే ఈడీ గాజు టెలిస్కోపులకి ధర అందుకే ఎక్కువ.

కానీ దానికి కూడా ఖర్చు లేని దారి ఉంది. నల్లటి అట్టలో 50 మి.మీ. రంధ్రం కోసి ముందు లెన్స్ మధ్యకి వచ్చేలా పెట్టు. ఎఫ్/8 అవుతుంది, ఊదా బాగా తగ్గుతుంది, ఫోకస్ చోటు కూడా రెండున్నర రెట్లు పెరుగుతుంది. వెలుగు నూటికి 39 వంతులే మిగులుతుంది, కాబట్టి చంద్రుడికి, కృత్తికలకి వాడు, నెబ్యులాకి తీసెయ్యి. నక్షత్రం రంగు చూసి కూడా ఫోకస్ పట్టొచ్చు. ఒక వైపు దాటితే అంచు ఎర్రగా, ఇంకో వైపు దాటితే ఊదాగా మారుతుంది. ఆ రెండింటి మధ్య చుక్క అన్నింటికన్నా చిన్నదయ్యే చోట ఆపు.

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

అట్టముక్కతో రెండు సిరియస్‌లు ఒకటవడం చూశానండి, ఎంత బాగుందో! క్లిప్పు కూడా పెట్టాను. మొదటి ఫొటోలు సూదిమొనల్లా వచ్చాయి. అరగంట పోయేసరికి మళ్ళీ చుక్కలు లావెక్కాయి. లాక్ బిగించే ఉంది. మళ్ళీ ఫోకస్ చేసినా పూర్తిగా బాగవ్వలేదు. చలికి గొట్టం కుదించుకుపోయిందా?

చెరువుగట్టు | భీమవరం దగ్గర

టార్చి తీసుకుని ముందు లెన్స్ చూడండి. మంచు పట్టి ఉంటుంది. మన డెల్టాలో ఈ నెలల్లో ఇదే అసలు శత్రువు. చుట్టూ కాలవలు, వరిచేలు, చెరువులు. రాత్రి తొమ్మిది దాటితే గాలిలో తడి అంతా గాజు మీదకి చేరుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రే ఎక్కువ పడుతుంది, ఎందుకంటే గాజు వేడి ఆకాశంలోకి పోయి గాలికన్నా చల్లబడుతుంది.

గుడ్డతో, తువ్వాలుతో తుడవకండి, కోటింగ్ గీతలు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద, దూరం నుంచి. నల్లటి ఫోమ్ షీటు చుట్టి ముందుకి 12 నుంచి 16 సెంటీమీటర్ల గొట్టంలా కట్టండి. పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ లెన్స్ వెనక అంచు చుట్టూ కడితే రాత్రంతా నిశ్చింత. లోపలికి తెచ్చేటప్పుడు బయటే మూత పెట్టి సంచిలో పెట్టి తీసుకురండి. ఆరాక సిలికా జెల్ ప్యాకెట్లతో డబ్బాలో దాచండి. తడిగా పెట్టెలో పెడితే మన వాతావరణంలో గాజు మీద ఫంగస్ మొలుస్తుంది, అది పట్టాక వదిలించడం చాలా కష్టం.

వసిష్ఠ తీరం | నరసాపురం

మంచే. చలి వల్ల అయ్యే తేడా ఇంత ఉండదు. అల్యూమినియం మీటరుకి, ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు కుదించుకుంటుంది. 400 మి.మీ. గొట్టానికి 5 డిగ్రీలు తగ్గితే 46 మైక్రాన్లు, అంటే 0.046 మి.మీ. వెన్నెల గారు చెప్పిన 0.07లోపే. అయినా గంటకోసారి చూసుకుంటే మంచిది, టెలిస్కోపుని ముందే బయట పెట్టి చల్లబడనిస్తే ఇంకా మంచిది.

ఫొటో చూసి జబ్బు చెప్పొచ్చు. చుక్కలన్నీ గుండ్రంగా లావెక్కితే ఫోకస్ తప్పింది. లావెక్కి చుట్టూ పొగలా వెలుగుంటే మంచు. ఫ్రేములో ఒక పక్కే పాడైతే కెమెరా వంగింది. అన్నీ ఒకే వైపు గీతలైతే అది ఫోకస్ కాదు, భూమి తిరగడం. ఓరియన్ దగ్గర చుక్కలు సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) జరుగుతాయి, మీ కెమెరా పిక్సెల్ 1.9 ఆర్క్ సెకన్లు. ట్రాకింగ్ లేకుండా ఒక సెకను తీస్తే 8 పిక్సెల్స్ గీత పడుతుంది. పావు సెకను ఫొటోలు ఎక్కువ తీసి స్టాక్ చేయండి (కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి కలపండి). ట్రాకింగ్ మౌంటు కొంటే దాన్ని సరిగ్గా అమర్చడానికి ధ్రువ నక్షత్రం కావాలి, అది మనకి ఉత్తరాన 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోటల మధ్య అది కనిపించే డాబా దొరకడమే అదృష్టం.

దక్షిణం మాత్రం మనకి వరం. ఏప్రిల్, మే రాత్రుల్లో అంతర్వేది తీరంలో ఒమేగా సెంటారీ గుచ్ఛం సముద్రం మీద 26 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. అంత కిందున్న చుక్క గాలికి ఉడుకుతున్నట్టు కదులుతుంది, దాని మీద ఫోకస్ చేయకండి. అప్పుడు స్వాతి మనకి దాదాపు నడినెత్తిన ఉంటుంది. దాని మీద మాస్క్ పెట్టి ఫోకస్ చేసి, లాక్ బిగించి, తర్వాత దక్షిణానికి తిప్పండి.

గౌతమి గట్టు | యానాం

మధ్యలో వస్తున్నాను. నాకు కెమెరా లేదు, ఫోనే. నాకూ ఈ ఎక్స్‌టెన్షన్ కావాలా?

వెన్నెల | రాజమహేంద్రవరం

అక్కర్లేదండి. ఫోన్‌కి సొంత లెన్స్ ఉంది కాబట్టి డయాగొనల్, ఐపీస్ అలాగే ఉంచి కంటికి ఫోకస్ కుదిరాక ఫోన్ ఐపీస్ మీద పెట్టాలి. ఫోన్ హోల్డర్ ఉంటే చేతి వణుకు ఉండదు. వెలుగు ఎక్కువైతే చంద్రుడు తెల్లగా మాడిపోతాడు, తెర మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ తగ్గించండి.

కోనసీమ కుర్రాడు | అంబాజీపేట

మంచేనండి, టార్చి వేస్తే లెన్స్ మొత్తం తెల్లగా ఉంది. ఫోమ్ షీటు గొట్టం చేశాను. నిన్న రాత్రి ఓరియన్ నెబ్యులా పావు సెకను ఫొటోలు స్టాక్ చేశాను. రెక్కలు రెండు వైపులా కనిపిస్తున్నాయి, మధ్యలో ట్రపీజియం నాలుగు నక్షత్రాల్లో మూడు విడిగా తెలుస్తున్నాయి. అల్యూమినియం ఎక్స్‌టెన్షన్‌కి లేతు వర్క్‌షాపులో చెప్పి వచ్చాను. 50 మి.మీ., పిచ్ 0.75 అని కాగితం మీద రాసి ఇచ్చాను.

లంక మాస్టారు | ముమ్మిడివరం

నాలుగోది కూడా వస్తుంది బాబూ, ఎక్స్‌పోజర్ ఇంకా తగ్గించి చూడు. మధ్యలో వెలుగు నిండిపోయి అది కలిసిపోతోంది.

పడవ రేవు | సఖినేటిపల్లి

దీన్నంతా చదివాను, చాలా ఉపయోగం. నాది నికాన్ జడ్ మిర్రర్‌లెస్. మౌంటు నుంచి సెన్సర్‌కి 16 మి.మీ.యే కదా, డీఎస్ఎల్ఆర్ వాళ్ళకన్నా నాకు ఇంకా పెద్ద ఎక్స్‌టెన్షన్ కావాలా?

వెన్నెల | రాజమహేంద్రవరం

జడ్ మౌంటు టీ రింగ్ కొంటే అక్కర్లేదు. అది 39 మి.మీ. పొడుగు ఉంటుంది, 16 కలిపితే అదే 55. కోనసీమ కుర్రాడి లెక్కే మీకూ వర్తిస్తుంది. ఎఫ్ మౌంటు (నికాన్ డీఎస్ఎల్ఆర్‌ది) రింగ్ కొనవద్దు, అది జడ్ బాడీకి పట్టదు. మీ సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ అయితే 1.25 అంగుళాల గొట్టం మూలలు నల్లగా కోసేస్తుంది. ఫోకసర్ 2 అంగుళాలు తీసుకునేదైతే 2 అంగుళాల నోస్ పీస్ తీసుకోండి, కాకపోతే కెమెరాలో క్రాప్ మోడ్ (సెన్సర్ మధ్య భాగమే వాడేది) పెట్టుకోండి. ముందు చంద్రుడి బొమ్మ కాగితం మీద పట్టి దూరం కొలిచి ఇక్కడ రాయండి, ఎంత ఎక్స్‌టెన్షన్ కావాలో చెబుతాం.